నేర మొప్పుకొనుటయా, చికిత్స కొప్పుకొనుటయా?

హైదరాబాదు నగరమునకు తూర్పుగా, మలక్‌పేట దాటిన పిమ్మట, విజయవాడకు పోవు రాజమార్గముమీద దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను రెండు పేటలు కలవు. 2018వ సంవత్సరము సెప్టెంబరునుండి ఆ దారిని మెట్రో రైలు నడచుచున్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో బండి యెక్కినవారు చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అను రెండు స్టేషన్లు దాటగనే ఎల్.బి.నగర్‌లో దిగుదురు. కిళ్లీ నమిలి ముగించునంతటి ప్రయాణము. దారికి ఈ కొసను శిక్షణాలయములు, వసతిగృహములు, పుస్తకముల దుకాణములు. ఆ కొసను రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములు. నడుమనున్న స్టేషనుకు పేరిచ్చిన విక్టోరియా మెమోరియల్ హోము నిజాముల కాలమున అనాథబాలుర పోషణకై వెలసిన సంస్థ. చదువు, సంరక్షణ, శిక్ష, ఈ మూడును ఒకే బాటమీద వరుసగా నిలిచియున్నవి. ఈ బాటను ఒక పడుచువాడు ఒక్క రాత్రిలో ఆ కొసనుండి ఈ కొసకు దాటిన వైనమే నా నేటి ప్రసంగమునకు కారణము.

నేను ముప్పదియేండ్లు చరిత్ర చెప్పి విశ్రమించినవాడను. న్యాయవాదిని కాను, వైద్యుడను కాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా యింటి వెనుకవీథిని నాలుగంతస్తుల వసతిగృహ మొకటి కలదు. జిల్లాలనుండి వచ్చి కానిస్టేబులు ఉద్యోగమునకో, గ్రూపు పరీక్షలకో చదువుకొను పిల్లలు అందుండెదరు. గదికి నలుగురు, నలుగురికి ఒక కిటికీ. వారిలో నొకడు సాయంకాలములందు నాయొద్దకు వచ్చి చరిత్రలో సందేహము లడిగి పోవుచుండెడివాడు. కొన్నేండ్ల క్రిందట ఒక తెల్లవారుజామున అతని తల్లి పల్లెనుండి రాత్రి బస్సున దిగి, కొంగు నోటి కడ్డము పెట్టుకొని మా వాకిట నిలిచినది. పిల్లవానిని, వాని గదిలోని మరియొకనిని గంజాయితో పట్టుకొన్నారట. దొరికినది కొలది గ్రాములు మాత్రమే. కొద్దిమొత్తపు కేసగుటచేత జామీను దొరికినది. పూచీ సంతకము నేనే చేసితిని. వాయిదాకు కొన్ని దినములు గడువున్నది. ఆ పిల్లవాడు తలవంచుకొని నన్నడిగిన ప్రశ్న ఇది:

“సారూ, తప్పయిందని ఒప్పుకుంటే జరిమానా కట్టించుకొని అదే రోజు పంపిస్తరట. నాతోటోడు ఒప్పుకుంటడట. నన్నుగూడ ఒప్పుకోమంటరా?”

నాకు వెంటనే జవాబు తోచలేదు. తోచనప్పుడు పుస్తకములు విప్పుట ఉపాధ్యాయుల అలవాటు గదా. ఆ విప్పిన పుస్తకములలో నాకు కనబడిన చరిత్రనే నేడు మీకు మనవి చేయుచున్నాను.

నేరము నొప్పుకొని, అందుకు బదులుగా శిక్షను తగ్గించుకొను పద్ధతికి ప్లీ బార్గెయినింగు అని పేరు. దీనిని నేరాంగీకారపు ఒడంబడిక యనవచ్చును. వ్యసనపీడితుని చెరసాలకు పంపక వైద్యశాలకు పంపుట దీనికి భిన్నమైన మార్గము. ఆశ్చర్యమేమనగా, ఈ రెండు మార్గములకును అమెరికాలోని మాసచూసెట్సు రాష్ట్రమే ముఖ్యమైన పుట్టినిల్లు. రెండింటికిని మద్యమే మూలము. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో అచ్చటి మిడిల్‌సెక్సు జిల్లాలో లైసెన్సు లేక మద్యము విక్రయించినవారిపై అభియోగములు మెండుగా వచ్చుచుండెను. ఆ నేరమునకు జరిమానా యెంతయో శాసనమే నిర్ణయించుటచేత తగ్గించుటకు న్యాయాధిపతి చేతిలో నేమియు లేదు. ప్రభుత్వ న్యాయవాది ఒకే మనిషిపై పలు అభియోగములు మోపును. అతడు ఒకదాని నొప్పుకొన్నచో తక్కినవానిని విడిచిపెట్టును. ఈ సంగతిని జార్జి ఫిషరు అను చరిత్రకారుడు 2003లో వెలువడిన తన గ్రంథమున విపులముగా చూపినాడు. అట్లు మొలచిన విత్తు మహావృక్షమైనది. 2012లో అమెరికా సుప్రీంకోర్టు తానే చెప్పిన లెక్క ప్రకారము, అచ్చటి కేంద్ర న్యాయస్థానములలో నేరస్థులుగా తేలినవారిలో నూటికి 97 మంది, రాష్ట్ర న్యాయస్థానములలో నూటికి 94 మంది విచారణ లేకయే నేరము నొప్పుకొన్నవారు. సాక్షి నోరు విప్పకయే తీర్పు వచ్చుచున్నదన్నమాట.

ఇక రెండవ కథ. 1841వ సంవత్సరము ఆగస్టు నెలలో బోస్టను నగరపు పోలీసు న్యాయస్థానమున జాన్ ఆగస్టసు అను చెప్పులు కుట్టించు వర్తకుడొకడు కూర్చుండియుండెను. చింపిరిబట్టల త్రాగుబోతు నొకనిని బోనెక్కించినారు. శిక్షాగృహము తప్పదని అందరికిని తెలిసిన కేసు. ఆగస్టసు వానితో నాలుగు మాటలాడెను. ఈ యొక్కమారు నన్ను తప్పించినచో ఇక త్రాగనని వాడనెను. ఆగస్టసు న్యాయాధిపతి యెదుట నిలిచి తానే పూచీపడెను. మూడు వారములకు వానిని మరల తెచ్చి నిలిపినప్పుడు సభలోనివారు ఆ మనిషిని గుర్తింపలేకపోయిరట. న్యాయాధిపతి ఒక్క సెంటు జరిమానా విధించి, ఖర్చులు కట్టించుకొని పంపివేసెను. ఆగస్టసు 1859లో మరణించువరకు ఇట్లు సుమారు రెండువేలమందికి పూచీపడినాడు. 1878లో మాసచూసెట్సువారు ఇందుకై జీతమిచ్చి అధికారిని నియమించుటకు శాసనము చేసిరి. నేడు ప్రొబేషను అని మనము చెప్పుకొను వ్యవస్థకు మూలపురుషుడు ఈ చెప్పుల వర్తకుడే.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మొదటి దానిలో న్యాయస్థానము అడుగునది “ఎంతకు ముగింతము?” అని. రెండవ దానిలో “మూడు వారములకు ఎట్లుందువు? నీకు తోడెవరు?” అని. మొదటిదానికి సంతకము చాలును. రెండవదానికి మనిషి కావలయును.

మన దేశమున ఈ చరిత్ర ఎట్లు నడచినదో చూతము. ఆంగ్లేయుల కాలమున గంజాయి నేరము కాదు, ఆబ్కారి ఆదాయము. 1893లో బ్రిటిషు పార్లమెంటున ప్రశ్న రాగా గంజాయి, భంగు, చరసులను గూర్చి విచారించుటకు ఏడుగురు సభ్యులతో ఒక సంఘమును నియమించిరి. అది 1,193 మంది సాక్షులను విచారించి, మితముగా సేవించుటవలన చెప్పదగిన హాని లేదనియు, అతిగా సేవించుట హానికరమనియు, పూర్తి నిషేధము కూడదనియు, పన్ను వేసి అదుపులో నుంచవలెననియు తేల్చినది. తెలుగునాట బాపట్ల తాలూకా దగ్గుబాడు ప్రాంతమున ప్రభుత్వపు కనుసన్నలలో గంజాయి పండుచుండిన దినములవి. 1930లో అపాయకరమైన మందుల చట్టము వచ్చినను గంజాయి దుకాణము మూతపడలేదు. 1961లో ఐక్యరాజ్యసమితి పక్షమున కుదిరిన ఒడంబడికలో భారతదేశమును చేరినది; వైద్యమునకు గాక మత్తుకై గంజాయిని వాడుట నిర్ణీత గడువులోపల మాన్పింపవలెనని అందు నియమము. ఆ గడువు సమీపించుచుండగా 1985లో పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును చేసినది. ఎన్.డి.పి.ఎస్. చట్టమని దానికే వాడుక. ఆ యేడు నవంబరు 14వ తేదీన అది అమలులోనికి వచ్చినది.

ఈ చట్టము కఠినమైనదని లోకమునకు తెలియును. దానిలో కరుణాద్వారములు రెండు కలవని తెలిసినవారు తక్కువ. అందు మొదటిది 39వ సెక్షను. మత్తుమందు సేవించిన నేరమునకుగాని, చిన్నమొత్తములో కలిగియున్న నేరమునకుగాని దోషిగా తేలినవాడు వ్యసనపీడితుడైనచో, అతని వయస్సు, నడవడి, శరీరస్థితి, మనఃస్థితి ఆలోచించి, అతని సమ్మతితో, వెంటనే కారాగారశిక్ష విధించుటకు మారుగా, ప్రభుత్వము నడపు లేదా గుర్తించిన వైద్యశాలకు పంపవచ్చును. ఒక సంవత్సరమునకు మించని గడువులోపల చికిత్సా ఫలితమును న్యాయస్థానమునకు చూపవలయును. అది తృప్తికరముగా నున్నచో మందలించి, మూడు సంవత్సరములకు మించని పూచీపత్రముపై విడిచిపెట్టవచ్చును. రెండవది 1989లో చేర్చి, 2001లో మార్చిన 64ఏ సెక్షను. అట్టి చిన్న అభియోగమే గల వ్యసనపీడితుడు తనంతతానుగా చికిత్స కోరి, దానిని పొందినచో అతనిపై అభియోగమే నడువదు. చికిత్స నడుమ విడిచినచో ఈ రక్షణను తొలగింపవచ్చును. మొదటి ద్వారము దోషి యని తేలిన పిమ్మట తెరచుకొనునది. రెండవది తేలకముందే తెరచుకొనునది. ఉద్యోగమునకై చదువుకొను పిల్లవానికి ఈ తేడా జీవితమంతటి తేడా.

చిన్నమొత్తమనగా ఎంత? 2001 అక్టోబరునాటి ప్రకటన ప్రకారము గంజాయి ఒక కిలోవరకు, చరసు 100 గ్రాములవరకు, హెరాయిను 5 గ్రాములవరకు, కొకెయిను 2 గ్రాములవరకు. 20 కిలోలకు మించినచో గంజాయి వ్యాపారపు మొత్తమగును. దానికి కనీసశిక్ష పదేండ్లు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండలనుండి విజయవాడ మార్గమున బస్సులలో, కార్లలో వచ్చు సరకునకు ఎల్.బి.నగరే హైదరాబాదు గుమ్మము. కాబట్టి ఆ న్యాయస్థానముల ముంగిట బస్తాలతో దొరికిన వర్తకుడును, పొట్లముతో దొరికిన విద్యార్థియు ఒకే చట్టము పేరుతో పిలువబడుదురు. వారిని వేరుచేసి చూడవలసిన భారము న్యాయస్థానముమీదను, న్యాయవాదిమీదను ఉన్నది.

ఇక నేరాంగీకారపు బేరమును మన దేశము ఎట్లు స్వీకరించినది? మొదట అసహ్యించుకొన్నది. 1976లో మురళీధర మేఘరాజ్ లోయా కేసులో సుప్రీంకోర్టు పక్షమున జస్టిసు కృష్ణయ్యరు ఈ పద్ధతిని తీవ్రముగా నిందించినాడు. అది ఆహారకల్తీ కేసు. చాటున బేరము కుదిరినచో నష్టపోవునది ప్రజలని ఆయన భావము. 1980లో కాసంభాయి కేసులో జస్టిసు భగవతి మరియొక అడుగు వేసి, అట్టి బేరముమీద నిలిచిన తీర్పు రాజ్యాంగవిరుద్ధమని చెప్పినాడు. సుదీర్ఘమైన విచారణకు వెరచి నిర్దోషియు ఒప్పుకొనునను భయమే ఆయన మాటలలోని సారము. కాని కాలము మారినది. కేసులు గుట్టలు పడినవి. విచారణ ఖైదీలు శిక్షాకాలమునకు మించి జైళ్లలో మ్రగ్గిరి. 1991లో న్యాయసంఘము తన 142వ నివేదికలోను, 1996లో 154వ నివేదికలోను రాయితీ పద్ధతిని సూచించినది. 2003లో మలీమత్ సంఘము దానిని బలపరచినది. తుదకు 2006 జులై 5వ తేదీనుండి ఏడేండ్లకు మించని శిక్షగల నేరములకు ఈ ఒడంబడిక మన నేరవిచారణ స్మృతిలో చేరినది. స్త్రీలపై, పదునాలుగేండ్లలోపు బాలలపై జరిగిన నేరములకును, దేశపు సాంఘికార్థిక స్థితికి భంగకరములని ప్రభుత్వము ప్రకటించిన నేరములకును ఇది వర్తింపదు. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితలో మొదటిసారి తప్పుచేసినవారికి రాయితీ హెచ్చినది. కనీసశిక్ష నిర్ణయింపబడని నేరములకు శిక్షలో ఆరవవంతుతో సరిపుచ్చవచ్చును.

మన శాసనకర్తలు జాగ్రత్తలు కొన్ని చేసినమాట నిజము. నిందితుడు ప్రమాణపత్రముతో కోరవలెను. న్యాయాధిపతి అతనిని రహస్యముగా, ఎదుటిపక్షము లేకుండ విచారించి, ఇష్టపూర్వకమా కాదా తేల్చుకొనవలెను. కాని చిన్న గంజాయి కేసులకు ఈ తతంగమేమియు అక్కరలేదు. మెజిస్ట్రేటు అభియోగము చదువును, నిందితుడు ఔననును, జరిమానా రసీదు చేతికి వచ్చును. గంజాయి సేవించిన నేరమునకు ఆరు నెలలవరకు ఖైదు గాని, పదివేల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని శాసనము. ఖైదు భయము, వాయిదాల భయము, ఊరిలో తెలియునను భయము. ఈ మూడు భయముల నడుమ జరిమానా దయవలె కనబడును. అక్కడనే మోసమున్నది. ఆ రసీదు వెనుక “దోషి” యను మాట వ్రాసియున్నది. పోలీసు ఉద్యోగపు దరఖాస్తులో, నీపై నేరము రుజువైనదా, కేసు నడచినదా యని అడుగు గడి యొకటి యుండును. దాచినచో దాచిన తప్పు. వ్రాసినచో ఉద్యోగము సందేహము. 2016లో అవతార్ సింగు కేసులో సుప్రీంకోర్టు, నిజము చెప్పినవానియెడల అధికారులు నేరపు తీరును చూచి యోచింపవచ్చుననియు, చిన్న తప్పులను ఉపేక్షింపవచ్చుననియు కొంత ఊరట నిచ్చినది. అయినను రసీదు నిచ్చినవాడుగాని, ఒప్పుకొమ్మని చెవిలో చెప్పిన గుమాస్తాగాని ఈ గడిని గూర్చి ఆ పిల్లవానికి చెప్పలేదు. మత్తు వదలినదా యని అడిగినవాడును లేడు.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. జైలు వాకిట నిలిచి చికిత్సకు సరే యన్నవాని సమ్మతి మాత్రము సమ్మతియా? నేరము నొప్పుకొనుటలోనున్న బెదరు చికిత్స నొప్పుకొనుటలోను ఉన్నది గదా? ఉన్నది. దానిని కాదనలేము. 1989లో అమెరికాలోని మయామీ నగరమున మొట్టమొదటి మాదకద్రవ్య న్యాయస్థానము ఏర్పడినప్పుడును ఈ ప్రశ్న పుట్టినది. అచ్చట నిందితుడు చికిత్సలో చేరును. తరచుగా మూత్రపరీక్ష చేయుదురు. న్యాయాధిపతియే అతనిని పిలిచి బాగోగు లడుగును. గడువు పూర్తియైనచో అభియోగము కొట్టివేయుదురు. ఆ పద్ధతి దేశమంతట వ్యాపించినది. తప్పినవారిని మరల జైలుకు పంపుచు చికిత్సను శిక్షకు మారుపేరుగా చేసినారను నిందయు దానికి వచ్చినది. కాబట్టి సమ్మతి బలపడవలెనన్నచో రెండు కావలెను. తన ముందున్న దారులన్నియు నిందితునికి తెలియవలెను. చికిత్స నిజమైన చికిత్స కావలెను. గొలుసులు, దెబ్బలు గల ప్రైవేటు గదులు చికిత్స కావు. మన 2017నాటి మానసిక ఆరోగ్య చట్టము మద్యముచేతను, మత్తుమందులచేతను కలుగు రుగ్మతలను మానసిక రుగ్మతలలో చేర్చి, రోగి గౌరవమునకు, సమ్మతికి హక్కు కల్పించినది. శాసనము కోరునది ప్రభుత్వము గుర్తించిన వైద్యశాలనే.

మరియొక ఆక్షేపణ. ఒకనాడు కుతూహలముచేత దమ్ము లాగినవాడు వ్యసనపీడితుడా? కాడు. 2019లో వెలువడిన ఢిల్లీ ఎయిమ్స్ వారి సర్వేలో ఏడాదిలో ఒకసారియైన గంజాయి, భంగులు వాడినవారు దేశమున సుమారు 3.1 కోట్లు, వారిలో సాయము అవసరమైనవారు సుమారు 72 లక్షలు. తక్కినవారిని వైద్యశాలకు త్రోయుట, మంచము అవసరమైనవానికి మంచము లేకుండ చేయుటయే. అట్టివానికి వేరు దారి కలదు. ఎన్.డి.పి.ఎస్. చట్టపు 33వ సెక్షను, సేవించిన నేరమునకు 1958నాటి ప్రొబేషను చట్టమును వర్తింపనిచ్చుచున్నది. ఆ చట్టము క్రింద మందలించి గాని, పూచీపై గాని విడిచిపెట్టబడినవానికి దోషి యనుటవలన కలుగు అనర్హత అంటదని దాని 12వ సెక్షను చెప్పుచున్నది. తెలుగు జిల్లాలకు ఈ తలపు క్రొత్తది కాదు. మద్రాసు రాజధానిలో 1936లోనే ప్రొబేషను చట్టము వచ్చినది.

వైద్యమనగా నేమో మన నగరమునకు అనుభవమున్నది. హైదరాబాదులో కల్లు దుకాణములు సుమారు పదేండ్లు మూతపడియుండి 2014లో మరల తెరచుకొన్నవి. కల్లులో ఆల్ప్రజోలాము వంటి మందులు కలుపు దురాచారము చాలకాలమునుండి కలదు. అది హఠాత్తుగా దొరకనప్పుడు త్రాగుటకు అలవాటుపడినవారికి వణకు, పిచ్చిమాటలు, మూర్ఛలు వచ్చును. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇట్టివారు వందలాదిగా చేరినారు. వారు దుర్మార్గులు కారు, రోగులని ఆ వారములలో నగరమంతయు కన్నులార చూచినది. ఆల్ప్రజోలామును వైద్యుడు మెల్లమెల్లగా తగ్గింపవలెను. హెరాయినుకు బ్యూప్రెనార్ఫిను వంటి మందులున్నవి. గంజాయికి అట్టి ప్రత్యేకమైన మందు లేదు. నిద్రలేమి, చిరాకు, ఆకలి చచ్చుట వారము రెండు వారములు బాధించును. పిమ్మట కావలసినది మాటలతో చేయు చికిత్స, దినచర్య, ఓపిక. ఆ ఓపిక వాయిదాల పట్టికలో దొరకదు.

మరి మన న్యాయస్థానములలో ఆ రెండు ద్వారములు ఎంత తెరచుకొనుచున్నవి? 2018లో విధి సంస్థవారు పంజాబు కేసులను పరిశీలించి, వ్యసనపీడితులు చికిత్సకు గాక శిక్షకే పోవుచున్నారని చూపినారు. ముంబయిలో 2001లో కొకెయిను కేసున పట్టుబడిన చలనచిత్ర నటు డొకడు చికిత్స పొంది, 2012లో 64ఏ సెక్షను క్రింద విముక్తి పొందినాడు. ద్వారము లేదనలేము. గట్టి న్యాయవాదిని పెట్టుకొనగలవాని చేతికి గొళ్లెము అందినది. పల్లెనుండి రాత్రి బస్సున వచ్చిన తల్లికి ద్వారమున్నదనియే తెలియదు. 1987నాటి చట్టముచేత ఏర్పడిన న్యాయసేవాధికార సంస్థలు ప్రతి జిల్లాలో నున్నవి. మాదకద్రవ్య పీడితులకు సాయపడుటకై 2015లో జాతీయ సంస్థ ప్రత్యేక పథకమును చేసినది. ఎల్.బి.నగర్‌లో మేము పోయి తట్టినదియు ఆ ఉచిత న్యాయసహాయపు తలుపే.

అక్కడి యువ న్యాయవాదిని అడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చినది. “మీవాడు ఎన్నాళ్లనుండి, రోజుకు ఎన్నిసార్లు?” అని ఆమె అడిగినది. నేను తెల్లబోయితిని. రెండేండ్లనుండి ప్రతిరాత్రి యని ఆ పిల్లవాడే నెమ్మదిగా చెప్పినాడు. మూడు సంవత్సరములు నాయెదుట కూర్చుండి పాఠము విన్న కన్నులను నేను చదువలేకపోయితిని. ప్రభుత్వ వైద్యుడు పరీక్షించి వ్యసనమున్నదని ధ్రువపత్రమిచ్చినాడు. 64ఏ సెక్షను క్రింద దరఖాస్తు పెట్టితిమి. తోడి పిల్లవాడు వాయిదానాడే ఒప్పుకొని, జరిమానా చెల్లించి, సంచి భుజాన వేసికొని ఊరికి పోయినాడు. మావాడు వానివంక ఈర్ష్యతో చూచినాడు. నిజము చెప్పవలెనన్న, ఆ సాయంకాలము నేనును తప్పుదారి పట్టించితినేమో యని వెరచితిని.

చికిత్స సాఫీగా సాగలేదు. మూడవ నెలలో రెండు వారములు వైద్యశాలకు పోలేదు. తల్లి మరల రాత్రి బస్సున వచ్చి, వాని చేయి పట్టుకొని తీసికొనిపోయి, వైద్యుని యెదుట కూర్చుండబెట్టినది. ఆ తల్లి పట్టుకొన్న చేయి ఏ శాసనమునను వ్రాయబడలేదు. అది లేనిదే ఏ శాసనమును నడువదు. సంవత్సరము తిరుగకముందే చికిత్స పూర్తియైనదని వైద్యుని నివేదిక వచ్చినది, అభియోగము ముగిసినది. కానిస్టేబులు పరీక్షకు ఈలోపల వయస్సు మీరినది. ఇప్పుడు వేరొక పనిలో నున్నాడు. ఏ పనియో చెప్పను. చెప్పకుండుటయే వానికి నేను చేయగల మేలు. తోడివాడేమైనాడో నాకు తెలియదు. వాని కేసును ముగించిన కాగితములలో వాని ఆరోగ్యమును గూర్చిన ముక్క యొక్కటియు లేదు. తెలిసికొనుటకు ఎవరికిని దారి లేదు.

ఒక్కని కథచేత సిద్ధాంతము నిలువదని చరిత్ర చెప్పినవానికి తెలియకపోదు. మావాడు మరల పడిపోయియుండవచ్చును. తోడివాడు తనంతతానే మానియుండవచ్చును. నేను మనవి చేయునది ఇంతమాత్రమే. న్యాయస్థానమునకు పని తొందర యుండును. నిందితునికి భయపు తొందర యుండును. రెండు తొందరలు కలిసినచోట బేరము సులభముగా కుదురును. రోగము మాత్రము ఆ బేరములో చేరక బయటనే నిలిచియుండును. శాసనము 1985లోనే ఆ రోగమును గుర్తించి దారి చూపినది. ఆ దారి చెప్పువాడు, పూచీపడువాడు, మూడవ నెలలో చేయి పట్టుకొని తెచ్చువాడు కరవైనందుననే అది గడ్డి మొలచి యున్నది.

కాబట్టి మీ యింటి పిల్లవాడో, పొరుగింటి పిల్లవాడో అట్టి ప్రశ్నతో మీ వాకిట నిలిచినచో, ఒప్పుకొనుమనియు, వద్దనియు తొందరపడి చెప్పకుడు. మొదట ఎన్నాళ్లనుండి యని అడుగుడు. పిమ్మట జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వానితో కూడ నడువుడు. దిల్‌సుఖ్‌నగర్‌నుండి ఎల్.బి.నగర్‌కు దూరము రెండు స్టేషన్లే గాని, ఒంటరిగా పోవువానికి అది చాల దూరము. ఇక సెలవు.